గోడ మీద మూడో మాట

పోయిన వారం అశ్రితను మనం శామీర్‌పేట కోళ్ల షెడ్డు గుమ్మంలో, చేతులకు గుడ్డపట్టీలు చుట్టుకుంటూ రోడ్డు వైపు చూస్తుండగా వదిలేసి వచ్చాం. పాపం, వారమంతా ఆ పిల్లను ఎండలోనే నిలబెట్టాం. ఇక లోపలికి రానిద్దాం.

షెడ్డులో కోళ్లు పోయి పదిహేనేళ్లయింది. ఇప్పుడక్కడ బాక్సింగ్ నేర్పుతారు. పక్కల ఇనుప జాలీ అలాగే ఉంది, వాన పడితే పాత వాసన కూడా కాస్త లేస్తుంది. షెడ్డు అశ్రిత తండ్రి సుధాకర్‌ది. నేర్పేది కౌకూర్ నుంచి రోజూ మోపెడ్ మీద వచ్చే ఇస్సాకు సార్. ఫౌజులో పదిహేడేళ్లు బాక్సింగ్ ఆడిన మనిషి. చర్చిలో మెత్తగా పాడతాడు, షెడ్డులో గట్టిగా అరుస్తాడు.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. షెడ్డు చివరి గోడకు సున్నం వేయించి, దాని మీద గొప్పవాళ్ల పేర్లు మాత్రమే రాయిస్తాడు. పతకాలు చూసి రాయడు, పేపరు చూసి అసలే రాయడు. ఎవరి పేరు ఎక్కాలో వాళ్లతో రింగులో తలపడిన ముగ్గురు రావాలి. ఒక్కొక్కరు తమ చేత్తో ఒక్క నిజమైన మాట రాయాలి. ఏం రాసినా ఆయన చెరపడు. మూడు మాటలూ పడ్డాకే పైన పేరు పడుతుంది. పదిహేనేళ్లలో అలా ఎక్కినవి మూడే పేర్లు.

నాలుగోది అశ్రితది కావాలి. ముప్పై ఎనిమిది పోటీలు, ముప్పై ఎనిమిది గెలుపులు. ఆదివారం పేపరువాళ్లు ‘ఎప్పటికీ నిలిచిపోయే పదిమంది బాక్సర్లు’ అని ఒక జాబితా వేస్తున్నారు. తొమ్మిది పేర్లు తేలిపోయాయి. పదో చోటు దగ్గర వాళ్లకు పీటముడి పడింది. అశ్రిత కంటే ఎక్కువ పతకాలున్న అమ్మాయి ఇంకొకతె ఉంది. కానీ ఆ అమ్మాయి అయిదారుసార్లు ఓడింది, అశ్రిత ఒక్కసారీ ఓడలేదు. ఆ ఒక్క సంగతి మీదే తక్కెడ ఇటు మొగ్గింది. మూడు గంటలకు విలేకరి ప్రణయ్ గోడ ఫొటో తీసుకోవడానికి వస్తున్నాడు.

గోడ మీద రెండు మాటలు అప్పటికే పడ్డాయి. ‘ఈమె కుడిచెయ్యి తగిలినంక మా ఇల్లు యాడుందో నాకు మా చెల్లె చెప్పింది’ అని లలితకుమారి రాసింది. ‘మూడు రౌండ్లు నేను కొట్టింది గాలిని’ అని మనీషా రాసింది. మూడో మాట రాయాల్సిన శైలజ కోసమే ఈ ఎదురుచూపు.

రెండున్నరకు షేర్ ఆటో ఆగింది. శైలజ దిగింది. కీసర పిల్ల, అశ్రిత కంటే ఏడాది పెద్ద. ఇప్పుడు బస్సు కండక్టరు. పొద్దటి డ్యూటీ దిగి ఇంటికైనా పోకుండా, యూనిఫాం మీదే వచ్చేసింది. నాలుగేళ్ల కింద రాష్ట్ర ఫైనల్లో అశ్రిత చేతిలో ఓడాక పోటీలు మానేసింది గానీ, పొద్దున్నే కీసర బడి మైదానంలో ఆడపిల్లలకు నేర్పుతూనే ఉంది. భుజాలు చూస్తేనే తెలుస్తుంది.

“అక్కా, తిన్నవా?” అంది అశ్రిత ఎదురెళ్లి.

“తిన్న తిన్న. టమాట పప్పు. మీ దగ్గరికి ఖాళీ కడుపుతోని వస్తే తట్టుకుంటానా?” అంది శైలజ. నేరుగా గోడ దగ్గరికి వెళ్లి రెండు మాటలూ పైకి చదివి, షెడ్డు దద్దరిల్లేలా నవ్వింది. “లలిత గింత మంచిగ రాస్తదని తెల్వదు. ముందుగాలనే వస్తే ఈ మాట నేనే రాస్తుంటి.”

ఇస్సాకు సార్ నీలం రంగు డబ్బా మూత తీసి, కుంచె అందించాడు.  

శైలజ కుంచె ముంచింది. గోడకు ఆనించబోయి ఆగింది.

“సార్, నిజమే రాయాలె గద?”

“ఔ బిడ్డా.” ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

“పూరా నిజమా, సగమా?”

అశ్రితకు నవ్వొచ్చింది. “ఏందక్కా, టికెట్టు అడుగుతున్నట్టు అడుగుతున్నవ్? నేను ఓడగొట్టిన, నువ్వు ఓడినవ్. రాష్ట్రమంతా చూసింది. రాసెయ్.”

“గది నిజమే చెల్లె. గా ఫైనల్ల నువ్వు నన్ను మంచిగనే గెలిచినవ్. దాంట్ల నాకు శక్ లేదు.” శైలజ కుంచెను డబ్బా అంచున ఆనించి పెట్టింది. “కానీ మనిద్దరం ఒక్కసారి కాదు, రెండుసార్లు కొట్లాడినం. మొదటిసారి యాదున్నదా?”

“ఎందుకు లేదు? మేడ్చల్ల, మా ఫంక్షన్ హాల్ల. అప్పుడు గూడ నేనే గెలిచిన.”

“లే. నేను గెలిచిన.”

శైలజ ఈ మాట కోపంగా అనలేదు, సాధింపుగా అనలేదు. తర్వాతి స్టాపు పేరు చెప్పినంత మామూలుగా చెప్పింది. అందుకే అశ్రితకు ఒళ్లు మండింది.

“అక్కా, మస్కిరీ చేస్తున్నవా? ఫొటో ఉన్నది. చీఫ్ గెస్ట్ నా చెయ్యి లేపిండు. మా ఇంట్ల హాల్ల పెట్టినం. నా ఫైల్ల మొదటి పేజీ అదే.”

“చెయ్యి లేపిండు. ఎవ్వరు గెలిచిండ్రో సదవకముందే లేపిండు.”

“సార్!” అశ్రిత గురువు వైపు తిరిగింది. “మీరు చెప్పుండ్రి. అబద్ధమని చెప్పుండ్రి.”

 ఇస్సాకు సార్ పక్కన స్టూలు మీద కూలబడ్డాడు.  

ఆయన జేబులోంచి మడతలు పెట్టిన ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో మూడు చిన్న కాగితాలు. ముగ్గురు జడ్జీలు రాసి ఇచ్చిన చీటీలు. పన్నెండేళ్లకు పసుపుపచ్చగా మారాయి గానీ అక్షరాలు బాగానే ఉన్నాయి. ఒక చీటీ మీద అశ్రిత పేరు. రెండు చీటీల మీద శైలజ పేరు.

“అప్పటికి షెడ్డు తెరిచి మూడేండ్లే అయింది,” అన్నాడు ఆయన. “మీ బాపు హాల్ ఇచ్చిండు, చాపలు ఇచ్చిండు, బ్యాండు పెట్టించిండు. మొదటిసారి మండలంల ఆడపిల్లల పోటీ. చీటీలు నా చేతిలనే ఉన్నయి. మైకు పట్టుకొని ‘గెలిచింది’ అన్న, గంతే. చీఫ్ గెస్ట్ రింగులకు ఎక్కి నీ చెయ్యి పైకి లేపిండు. బ్యాండు మొదలైంది. పూలు చల్లిండ్రు. నేను నోరు తెరిచిన, బ్యాండుల ఇనపడలే. బ్యాండు ఆగినంక...” ఆయన చీటీలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. “బ్యాండు ఆగినంక చెప్పొచ్చుండె. చెప్పలే. చీటీలు జేబుల పెట్టుకున్న. గది నా తప్పు, పిల్లా. ఎవ్వరిది కాదు.”

“తెల్లారి మా ఇంటికి వచ్చి చెప్పిండు,” అంది శైలజ. “కీసరకు, గా పాత మోపెడ్ మీదనే. మా అమ్మ చాయ్ ఇస్తే తాగలే. నాకు పద్నాలుగేండ్లు. నేనేమన్న తెలుసా? పోనీ సార్, రెండో బహుమతి కప్పు గూడ మంచిగనే ఉన్నదన్న. ఇప్పటికీ మా అమ్మ దాంట్లనే ఉప్పు పోస్తది.”

ఆ మాటకు శైలజ తనే నవ్వింది. నవ్వించాలని చూసింది కూడా. అశ్రిత నవ్వలేదు. గోడకు ఆనుకుని నిలబడింది.

ఇప్పుడొక సంగతి చెప్పాలి. పాఠకులకు ఇది చేదుగా ఉంటుందేమో గానీ, దాచిపెట్టి అశ్రితను గొప్పదాన్ని చేయడం నాకు చేతకాదు. ఆ చీటీలు చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. భయపడింది, సిగ్గుపడింది, ఆశ్చర్యం మాత్రం రాలేదు. పదమూడేళ్ల పిల్ల ఆ రోజు చివరి గంట మోగగానే గ్లవ్సు విప్పుకోకుండానే శైలజ వైపు నడిచింది. ‘మంచిగ కొట్టినవక్కా’ అనడానికి. దారిలో ఎవరో పెద్దాయన వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి పైకి లేచింది, పూలు పడ్డాయి, బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతమంది సంబరపడుతుంటే తనే పొరపడ్డానేమో అనుకుంది. అనుకుని, అనుకుని, చివరికి నమ్మేసింది. ఫొటోకు ఫ్రేము కట్టించాక ఇక నమ్మక ఏం చేస్తుంది?

“నాకు తెలుసు,” అంది అశ్రిత.

ఇస్సాకు సార్ తలెత్తాడు. శైలజ కూడా.

“గా రోజే తెలుసు నాకు. మీరిద్దరే దాచుకున్నరనుకుంటున్నరు. నేను గూడ దాచుకున్న.”

ఇంతలో బయట కారు ఆగింది. సుధాకర్ దిగాడు. ప్రణయ్ దారి తప్పి మేడ్చల్ వైపు పోతుంటే ఫోనులో పట్టుకుని, తనే ఎదురెళ్లి ఎక్కించుకొచ్చాడు. మనిషి తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, ముఖం నిండా పెళ్లివారి సందడి. చంకలో ఒక ఫ్లెక్సీ చుట్ట. రాగానే దాన్ని నేల మీద పరిచేశాడు.

‘ఓటమి ఎరుగని శామీర్‌పేట ఆడపులి’ అని ఉంది దాని మీద. అశ్రిత ఫొటో ఒక మూల. మధ్యలో చేతులు జోడించిన సుధాకర్, దానికి రెండింతలు.

“గిది రాజీవ్ రహదారి మీద కడ్తున్నం,” అన్నాడు ప్రణయ్‌తో. “ఆదివారం పేపరు, గిది, రెండూ ఒక్కసారే. ఏమంటవ్ బిడ్డా?”

“బాపు, దాన్ని మడవు.”

“ఏమైంది? ఫొటో మంచిగ పడలేదా?”

“ఓడిన. మొదటి పోటీనే ఓడిన.” అశ్రిత చీటీలు ఆయన చేతిలో పెట్టింది.

సుధాకర్ చదివాడు. రెండోసారి చదివాడు. ఆయన ముఖంలో పెళ్లి సందడి ఒక్కొక్క దీపమే ఆరినట్టు పోయింది. “నేనేం చేసిన? గా పెద్దమనిషికి ‘అదే మా పాప, దీవించుండ్రి’ అని చెప్పిన గంతే. ఆయన గట్ల దీవిస్తడని నాకేం తెలుసు?” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, “పన్నెండేండ్ల ముచ్చట. ఎవలకు తెలుసు? ఇప్పుడెందుకు బయటికి తీసుడు? మాస్టరూ, మీరైనా చెప్పుండ్రి.”

“పన్నెండేండ్లు నేను చెప్పకుంటనే ఉన్ననన్నా. ఇగ నా వల్ల కాదు,” అన్నాడు ఇస్సాకు.

ప్రణయ్ పాతికేళ్ల కుర్రాడు. కెమెరా మెడలో ఉంది, నోటుబుక్కు చేతిలో ఉంది, ఏం చెయ్యాలో మాత్రం తెలియడం లేదు. “మేడమ్,” అన్నాడు మెల్లగా, “నేనిప్పుడే వచ్చాను. ఏమీ వినలేదని అనుకోమంటే అనుకుంటాను. ఎందుకంటే... మా ఎడిటర్ మీ పేరు పెట్టిందే ఓడలేదని. ఒక్క ఓటమి ఉందని రాస్తే పదో చోటు ఆ అమ్మాయికి వెళ్లిపోతుంది. మళ్లీ ఇలాంటి జాబితా ఎప్పుడు వేస్తారో నాకూ తెలియదు.”

షెడ్డులో అందరూ అశ్రితనే చూస్తున్నారు. తండ్రి చూపులో బతిమాలుకోవడం ఉంది. గురువు చూపులో ఏముందో ఆమె చూడలేకపోయింది. ఆశ లేకపోలేదు, అబద్ధం చెప్పను. పదిమందిలో ఒకరు, ఎప్పటికీ. చిన్నప్పటి నుంచి చలికాలం అయిదింటికి లేచి, శామీర్‌పేట చెరువు కట్ట వెంట పరుగెత్తింది దీనికే కదా. ఎవరూ అడగరు, ఎవరూ వెతకరు. శైలజ నోరు మంచిది, ఎక్కడా అనదు. ఇప్పుడు కాస్త నవ్వి ‘అక్క మస్కిరీ చేస్తాంది’ అంటే చాలు.

ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. వచ్చిన మాటను మింగేసింది.

“రాసుకోండి ప్రణయ్ గారూ,” అంది. “ముప్పై ఏడు గెలుపులు, ఒక ఓటమి. ఎవరి చేతిలో అంటే, కీసర శైలజ అని పూర్తి పేరు రాయండి.”

“బిడ్డా!” అన్నాడు సుధాకర్.

“గొప్పదాన్నో కాదో నాకు తెల్వది బాపు. కానీ ఫ్రేముల ఉన్న ఆ పిల్లను నేను రోజు చూడలేకపోతున్న. అన్నం తినేటప్పుడు ఎదురుంగనే ఉంటది.”

 సుధాకర్ వంగి ఫ్లెక్సీని చుట్టడం మొదలుపెట్టాడు. సగం చుట్టి దాని మీదే కూర్చున్నాడు. ఇస్సాకు సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీసి తుడుచుకున్నాడు.

శైలజ కుంచె తీసుకుంది. ఈసారి ఆగలేదు. పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: ‘ఒకసారి నేను గెలిచిన. ఒకసారి ఈమె గెలిచింది.’

వెనక్కి జరిగి చూసుకుని తల అడ్డంగా ఊపింది. “ఏం మంచిగ లేదు. గిది చదివినోల్లు ఏమనుకుంటరు? ఎవరు గట్టిగున్నరని అడుగుతరు. సార్, మూడో మాట నిండలే.”

“నిండాలంటే ఏం చెయ్యాలె?” అంది అశ్రిత.

ఇద్దరి చూపులూ ఒక్కసారే రింగు వైపు తిరిగాయి. మొదట ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. అశ్రిత అయితే పొట్ట పట్టుకుని నవ్వింది. పది నిమిషాల కింద ప్రపంచం కూలిందనుకున్న పిల్ల, ఇప్పుడు పండుగ కొత్తబట్టలు చూసినట్టు మెరుస్తోంది. ముప్పై ఎనిమిది పోటీల్లో ఏ రోజూ ఆమెకు ఇంత తేలిగ్గా అనిపించలేదు. ఓటముల లెక్కలో కాపాడుకోవాల్సిన సున్నా ఇక లేదు.

“మూడు రౌండ్లు,” అంది శైలజ యూనిఫాం చొక్కా విప్పుతూ. లోపల టీషర్టు, కింద ట్రాక్ ప్యాంటు. ఆ సంగతి గమనించింది ఇస్సాకు సార్ ఒక్కడే. “నువ్వు తయారయ్యే వచ్చినవా?” అన్నాడు.

“అడగకుంటే పోదమనుకున్న సార్. అడిగింది.”

“మేడమ్, ఇది కూడా ఓడిపోతే?” అన్నాడు ప్రణయ్. “జాబితా సంగతి వదిలేయండి. ఈ గోడ మీద కూడా...”

“గోడ మీద అక్క నిజం రాస్తది. గంతే.”

తలకు టోపీలు పెట్టారు, నోట్లో పళ్లకు రబ్బరు కవచాలు బిగించారు. గ్లవ్సు ముడి ఇస్సాకు సార్ తనే వేశాడు, ఇద్దరికీ. శైలజకు వేసేటప్పుడు ఏదో అనబోయాడు. ఆమె “తర్వాత సార్” అంది. గంట మోగింది.

మొదటి అరనిమిషం చూస్తే ఎవరు నేటి ఛాంపియనో ఇట్టే తెలిసిపోయింది. అశ్రిత కాళ్లు నేలకు ఆనడం లేదు. ఎడమ చేత్తో రెండు దెబ్బలు వేసి, పక్కకు జరిగి, మళ్లీ రెండు వేసింది. సుధాకర్ ఫ్లెక్సీ మీంచి లేచి నిలబడ్డాడు. “గట్ల! గట్ల బిడ్డా!” ప్రణయ్ కెమెరా టకటకలాడుతోంది. శైలజ వెనక్కి, ఇంకా వెనక్కి, తాళ్ల దాకా వెళ్లింది. ముఖం మీద మాత్రం చిన్న నవ్వు.

ఆ నవ్వు చూశాడు ఇస్సాకు. “అశ్రితా, సంబాల్!” అని అరిచాడు.

వినపడే లోపే శైలజ కాళ్లు మార్చింది. ఎడమ పాదం వెనక్కి, కుడి పాదం ముందుకు. కీసర మైదానంలో నాలుగేళ్లుగా పిల్లలకు ఎదురెదురుగా నిలబడి నేర్పీ నేర్పీ, అద్దంలో బొమ్మలా రెండు వైపులా కొట్టడం ఆమెకు అలవాటైపోయింది. ఏ పోటీలోనూ ఎవరూ చూడని చెయ్యి అది. ఎడమ చెయ్యి కింది నుంచి వచ్చింది. అశ్రితకు కనపడలేదు. చప్పుడు మాత్రం వినపడింది, ఎవరిదో తలుపు వేసినట్టు.

తర్వాత ఆమెకు రేకులు కనిపించాయి. షెడ్డు పైకప్పు ఇలా ఉంటుందని తెలియదు. అక్కడొక పిచ్చుకగూడు కూడా ఉంది.

“ఒకటి,” అన్నాడు ఇస్సాకు.  రెండు అన్నాడు, మూడు అన్నాడు. శైలజ తన మూలకు వెళ్లి నిలబడింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది. సుధాకర్ తాళ్లు పట్టుకుని “ఆపుండ్రి! మాస్టరూ, ఆపుండ్రి!” అని కేకలు వేస్తున్నాడు. ప్రణయ్ ఫొటో తియ్యడం మరిచిపోయాడు.

అయిదు దగ్గర అశ్రిత మోచేతి మీద లేచి కూర్చుంది. శైలజ వైపు చూసింది. పదమూడేళ్లప్పుడు అనాల్సిన మాట ఇప్పుడు నోటినిండా ఉన్న రబ్బరు కవచం మధ్య నుంచి అంది. “మంచిగ కొట్టినవక్కా.”

“ఏడు,” అన్నాడు ఇస్సాకు.

అశ్రిత లేవబోయింది. చేతులు చాపను నెట్టాయి, నడుము లేచింది. ఒక మోకాలు మళ్లీ చాపకే ఆనింది; పది లోపు ఆమె లేచిందో లేదో, గోడ మీద మూడో మాట ఎలా నిండిందో వచ్చే వారం చూద్దాం.